నూకాలత్త వదులుకోని కోపం

ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగగానే ఎండు నెత్తళ్ళ వాసన గుప్పుమంది. బల్ల మీద ఎవరో ఆవిడ గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆ వాసనకు నాకు సముద్రపొడ్డున మా పుట్టినూళ్ళో పక్కింటి నూకాలత్త గుర్తొచ్చింది. చుట్టమేమీ కాదు, ఊరి వరసకు అత్త. చేపలు ఎండబెట్టి అమ్ముకునేది. పెళ్ళై శ్రీకాకుళం వచ్చేదాకా నేను సగం ఆమె ఇంట్లోనే పెరిగాను. అయినా ఆమెను చాలాకాలం అనుమానంగానే చూశాను.

కారణం ఆమె కోపం. ఆమె తమ్ముడు రాములు సముద్రంలో పోయాడు. గాలి రేగిన రోజు తాగి, ఎవరు చెప్పినా వినకుండా పడవ తీశాడని ఊరంతా అనేది. కాదు, వెళ్ళకపోతే ఇక పడవెక్కనివ్వనని యజమాని ఎర్రయ్యే బెదిరించి పంపాడని అత్త మాట. బయలుదేరేముందు తమ్ముడు ఆమెతో చెప్పుకున్నాడట. ఎర్రయ్యకు మంచివాడని పేరు. పండగలకు అత్త గుమ్మంలో చేపలు పెట్టించేవాడు. ఆమె వాటిని కాకులకు వేసేది.

"ఎన్నాళ్ళత్తా ఇలాగ? నీకే మనశ్శాంతి ఉండదు కదా" అన్నానోసారి.

"శాంతి ఎవలికి కావాలే, నాకా ఆడికా? నేనూరుకుంటే నా తమ్ముడు తాగుబోతుగానే ఉండిపోతాడు."

నేను నమ్మలేదు. కోపమే ఆమెకు కాలక్షేపమైపోయిందేమో అనుకున్నాను.

మా ఊళ్ళో ఏటా చేపలవేట నిషేధం తీరాక, పడవలు సముద్రంలోకి దిగేముందు గంగమ్మకు కొబ్బరికాయ కొడతారు. కొట్టేవాడి మీద ఊళ్ళో ఎవరికీ మనసులో ఏమీ ఉండకూడదు. ఆ ఏడు ఆ మర్యాద ఎర్రయ్యకు ఇద్దామనుకున్నారు. ముందురోజు పెద్దలు అత్త ఇంటికొచ్చి బతిమాలారు. పోయినవాడు తిరిగిరాడన్నారు, పట్టుదల మంచిది కాదన్నారు. వచ్చినవాళ్ళంతా ఎర్రయ్య పడవల మీద బతికేవాళ్ళే. నా అనుమానం మొదటిసారి వాళ్ళ మీదికి మళ్ళింది.

మర్నాడు ఒడ్డున ఊరిపెద్ద ఆనవాయితీగా అడిగాడు. "ఎవలికైనా కడుపులో ఏటైనా ఉన్నాదా?"

"నాకున్నాది" అంది అత్త. "ఆ రోజు పడవ ఎవలు తియ్యమన్నారో సెప్పమను. సెప్పాకే కొట్టమను."

పడవలన్నీ ఆగిపోయాయి. తోటి ఆడవాళ్ళే ఆమెను తిట్టారు. ఆమె కదల్లేదు. చాలాసేపటికి ఎర్రయ్య తల దించుకుని, "నేనే పంపినాను. ఆడు ఎల్లనన్నాడు. తాగనూ లేదు" అన్నాడు.

అత్త కొబ్బరికాయ తీసి అతని చేతిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, ఆమెకు రాలేదు.

ఇంటికొస్తూ, "కాయ కొట్టే మర్యాద పోతుందని ఒప్పుకున్నాడేమో అత్తా" అన్నాను.

"ఆడి మనసుతో నాకేటి పనే? ఊరు విన్నాది కదా."

ఇప్పుడు మా ఆఫీసులో అన్యాయం జరిగినవాళ్ళతో ఎవరైనా "మనసులో పెట్టుకోకండి" అంటే, నేను ముందు ఆ అన్నవాళ్ళ ముఖం చూస్తాను. అలాగని నా కోపాలనూ నమ్మను. నువ్వు ఎవరి కోసం ఉన్నావని ఒక్కోదాన్నీ అడుగుతాను. చాలావాటి దగ్గర నా పేరు తప్ప వేరే జవాబుండదు. వాటిని వదిలేస్తాను. మరొకరి పేరు చెప్పేవి ఒకటీ అరా ఉన్నాయి. వాటిని ఎవరు బతిమాలినా వదలను.