సపర్గలి నిద్రపుచ్చే కార్లు

కొక్‌షెతావ్ ఊరి చివర, రైలు పట్టాలు దాటాక మా గ్యారేజీల వరుస వస్తుంది. ఇనుప తలుపులు, ఇటుక గోడలు, భుజం భుజం ఆనించుకుని నిలబడ్డ నలభై గదులు. అక్టోబరులో ఒక ఉదయం గుంటల్లోని నీటి మీద ఉల్లిపొరంత పలచగా మంచు కడుతుంది. ఆ రోజు సపర్గలి తన గదిలోంచి బయటికొచ్చి, ప్రతి తలుపునూ వేలి కణుపుతో రెండుసార్లు కొట్టుకుంటూ వెళతాడు.

"లేవండయ్యా! నిద్రపుచ్చే వేళయింది."

నిద్రపోవాల్సింది మేం కాదు, మా కార్లు. ఏప్రిల్ దాకా వాటికి రోడ్డుతో పనిలేదు.

సపర్గలి తండ్రి గొర్రెల కాపరి. గడ్డి మైదానంలో మందలు చలికాలం తలదాచుకునే మట్టి కొట్టాల దగ్గర, గొర్రెపిల్లలతో పాటు ఒకే వెచ్చదనంలో పెరిగాడు సపర్గలి. తర్వాత ముప్పై నాలుగేళ్ళు ట్రాక్టర్ల షెడ్డులో పనిచేశాడు. గొర్రెల్ని చూసే కన్నుతోనే ఇంజిన్లనూ చూస్తాడు. మంద చలిలోకి వెళ్ళేముందే కడుపునిండా మేసి ఉండాలి, ఆకలితో చచ్చాక వసంతంలో గడ్డి చూపించి ఏం లాభం అంటాడు. ఇంజిన్ ఆయిల్ విషయంలోనూ అదే మాట. మార్చాల్సింది పడుకోబెట్టే ముందు, లేపిన తర్వాత కాదు.

దానికో పద్ధతి ఉంది. ముందు కారును అరగంటకు తగ్గకుండా నడిపి రావాలి. ఇంజిన్ ఇంకా కాలుతుండగానే కింది బోల్టు విప్పాలి. వేడి మీద ఉన్న ఆయిల్ మసినీ తడినీ అన్నిటినీ వెంటబెట్టుకుని కిందికి దిగిపోతుంది. చల్లారిందంటే అవి లోపలే అంటుకుపోతాయి. కొత్త ఆయిల్ పోశాక రెండు నిమిషాలు ఇంజిన్ ఆడించి ఆపేయాలి. ఆపైన బ్యాటరీ ఇంటికి. ఎలుకలు దూరకుండా పొగ గొట్టంలో గుడ్డ. ఇక మంచు కరిగేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

పదహారో గది వలేరి ఒకప్పుడు బస్సు డ్రైవరు. ప్రతి ఏడూ ఆయిల్ దగ్గరే అడ్డం తిరుగుతాడు.

"పడుకోబోయేవాడికి కొత్త సూటెందుకు సపర్గలీ? ఊరికే పడుండి పాతబడిపోవడానికా? వసంతంలో మార్చుకుంటాలే."

"పళ్ళు తోముకోకుండా పడుకునే అలవాటు నీకుంది గనకే నోట్లో నాలుగే మిగిలాయి. వాడిన ఆయిల్‌లో పులుపుంటుందిరా. ఆర్నెల్లు కూచుని ఇనుముని నాకుతుంది."

"నాలుగు కాదు, ఐదు."

"వసంతంలో లెక్కపెడదాంలే."

కిందటేడు ఆగస్టులో కబ్దెన్ పోయాడు. సపర్గలి గదికి ఆనుకున్న గది అతనిది, అందులో అతని తెల్ల జిగులి కారు. గోడకు అటూ ఇటూ ముప్పై ఏళ్ళు పనిచేసుకుంటూ వాళ్ళిద్దరూ అన్నదమ్ములైపోయారు. కబ్దెన్ భార్య కుల్యాష్ సపర్గలికి వదిన అయింది. మా వైపు కోడళ్ళు మరుదుల పేర్లు పలకరు, ఏదో ఒక మారుపేరు పెట్టుకుంటారు. ఆమె సపర్గలికి పెట్టిన పేరు 'మసి మరిది'. ముప్పై ఏళ్ళలో ఆమె నోట అతని అసలు పేరు మేం వినలేదు. వదినా మరుదులన్నాక ఒకర్నొకరు ఎంత ఆటపట్టించుకున్నా చెల్లుతుంది. వాళ్ళిద్దరూ ఆ హక్కును ఒక్క రోజు కూడా వృథా పోనిచ్చేవారు కాదు.

ఆగస్టు తర్వాత ఆ సరసాలు ఆగిపోయాయి. ఆమె అతన్ని 'మీరు' అని పిలవడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఏదో ఆఫీసు కిటికీకి అటూ ఇటూ నిలబడ్డవాళ్ళలా మాట్లాడుకునేవారు.

అక్టోబరులో జిగులిని సపర్గలే నడిపొచ్చాడు, తనే ఆయిల్ మార్చాడు, తనే పడుకోబెట్టాడు. మా అందరికీ గట్టిగా చెప్పే చివరి మాట, ముట్టుకోవద్దన్న మాట, ఆమెకు చెప్పలేకపోయాడు. ఏడాది కర్మ ఇంకా జరగని ఇంటి మనిషికి ఇది చెయ్యకు, అది వద్దు అని మావాళ్ళలో ఎవరూ అనరు.

డిసెంబరులో ఒక ఆదివారం కుల్యాష్ పిల్లల మంచుబండి మీద బ్యాటరీ పెట్టుకుని తాడుతో లాక్కుంటూ వచ్చింది. తనే బిగించింది. గోడ అవతల ఇంజిన్ దగ్గింది, మూలిగింది, అంటుకుంది. ఐదు నిమిషాల తర్వాత ఆగిపోయింది. సపర్గలి చేతిలోని టీ గిన్నె నోటి దాకా రాలేదు. తర్వాతి ఆదివారం మళ్ళీ ఐదు నిమిషాలు. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. ఆ చప్పుడు మా అందరికీ వినిపించేది. ఎవరి తలుపు వాళ్ళు దగ్గరికి వేసుకునేవాళ్ళం.

ఐదో ఆదివారం ఇంజిన్ ఆగగానే సపర్గలి లేచి పక్క గదిలోకి నడిచాడు. అప్పుడు నేనూ అతని గదిలోనే ఉన్నాను, వెనకే వెళ్ళాను. అతను బానెట్ ఎత్తి ఆయిల్ పోసే మూత తిప్పాడు. మూత అడుగున తెల్లటి నురగ, గరిటెతో తీసి రాసినట్టుంది. దాన్ని వేలితో తీసి ఆమెకు చూపించాడు. ఆగస్టు తర్వాత మొదటిసారి అతని గొంతులోకి పాత వేళాకోళం వచ్చింది.

"వదినా, మా అన్న టీలో ఎప్పుడైనా ఇంత మీగడ వేశావా? కారుకి మాత్రం కొసరి కొసరి పోస్తున్నావే!"

కుల్యాష్ ముఖం ఎర్రబడింది. "ఏంటది?"

"నీళ్ళు. ఐదు నిమిషాలు తిప్పి ఆపేస్తే ఇంజిన్‌కి లోపల చెమట పడుతుంది. ఆరేంత వేడి ఉండదు. చెమటంతా ఆయిల్‌లోకే."

"గడ్డకట్టుకుపోకూడదనే కదా నేను..."

"గడ్డకట్టేది ఇప్పుడే. ఇంకో రెండు ఆదివారాలైతే ఈ నీళ్ళు అడుగున పంపు నోటికి మంచై అడ్డంపడతాయి. ఆయిల్ పైకెక్కదు. అన్న ఇంజిన్ పట్టేసుకుపోతుంది. ఇక లేవదు."

"మరి ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పాల్సింది. తప్పు నాదే. నీ ముఖం చూశాక నోరు పెగల్లేదు."

"ముఖమెందుకు చూశావు, నా నడుం చూడాల్సింది. ఐదు వారాలు ఆ రాక్షసి బ్యాటరీని లాగాను. మసి మరిదీ, నీ నాలుక కూడా మసి పట్టిందా?"

గది ఒక్కసారిగా వెచ్చబడినట్టయింది. సపర్గలి తల వంచుకుని మూతను గుడ్డతో తుడిచాడు, తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

కుల్యాష్ కారు రేకు మీద చెయ్యి వేసి మెల్లగా అంది. "సాయంత్రం వంటింట్లో ఉంటే, ఆయన ఇంటికి రాగానే కింద ఈ చప్పుడు వినపడేది. వినగానే టీకి నీళ్ళు పెట్టేదాన్ని. దానికోసమే వస్తున్నా. కారు కోసం కాదు."

"కారుకి రెండే బతుకులు వదినా. పని చెయ్యాలి, లేదంటే పడుకోవాలి. నిద్రలో గిల్లి గిల్లి లేపితే ఏ ప్రాణమైనా పాడవుతుంది. పనే కావాలంటే ప్రతి ఆదివారం నేను నడుపుతా, గంట తిప్పుతా. పడుకోనిద్దామంటే ఏప్రిల్ దాకా చప్పుడుండదు. ఏదో నువ్వే చెప్పు."

ఆమె రేకు మీది దుమ్మును అరచేత్తో తుడవడం మొదలుపెట్టింది.

"సరే, ముందీ ఆయిల్ పారబొయ్యాలి. అది కదలాలంటే కాగాలి. ఎక్కు."

గోడకు వేలాడుతున్న చలికాలపు టైర్లు దించి బిగించాం. సపర్గలి స్టీరింగ్ దగ్గర, ఆమె ఎప్పుడూ కూచునే పక్క సీట్లో, నేను వెనక. కోపా సరస్సు చుట్టూ రోడ్డు పట్టాం. సరస్సంతా తెల్లగా గట్టిపడి ఉంది. దాని మీద చేపల కోసం కన్నాలు తవ్వుకుని కూచున్న మనుషులు, కాగితం మీద ఎవరో మరిచిపోయిన చుక్కల్లా ఉన్నారు. చాలాసేపు ఇంజిన్ గరగరమంటూనే ఉంది. స్టేషను మలుపు దాటాక గరగర తగ్గింది. చప్పుడు లోతుకు దిగి, గుండ్రమై, నిండు గిన్నెలా అయింది.

కుల్యాష్ చటుక్కున చెయ్యెత్తింది. "ఉండు. మాట్లాడకు."

మాలో ఎవరూ మాట్లాడటం లేదు.

"ఇదీ ఆయన చప్పుడు," అంది. "ఇన్ని ఆదివారాలూ నేను విన్నది ఇది కాదు."

"ఎలా అవుతుంది? అన్న ఊరంతా తిరిగి, కాగిన ఇంజిన్‌తో ఇంటికొచ్చేవాడు. ఇన్నాళ్ళూ నువ్వు విన్నది చలికి పళ్ళు కటకటలాడించే ఇంజిన్‌ని."

ఆమె కిటికీ వైపు తిరిగింది. సపర్గలి సరస్సు చుట్టూ ఇంకో చుట్టు తిప్పాడు. ఆయిల్ కాగడానికి ఆ రెండో చుట్టు అక్కర్లేదని నాకు తెలుసు.

తిరిగి వచ్చాక బోల్టు విప్పితే పాత ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఆవిరి కక్కుతూ దిగింది. చివరి బొట్టు దాకా ఆగి బోల్టు బిగించాడు. తేనె రంగు కొత్త ఆయిల్ పోశాడు. ఈసారి తాళం కుల్యాష్ చేతికిచ్చి, తను గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఇంజిన్ మెత్తగా ఆడింది. రెండు నిమిషాలయ్యాయి. సపర్గలి గడియారం మీంచి చూపు తిప్పుకున్నాడు. మూడో నిమిషం నడుస్తోంది.

కుల్యాష్ తనే తాళం వెనక్కి తిప్పింది.

"పడుకోనీ," అంది.

ఆ నిశ్శబ్దంలో వేడి ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. అది పూర్తిగా ఆగేదాకా ముగ్గురం అలాగే నిలబడి విన్నాం.