పొట్టి కామ సుత్తి

డబ్బాల కింద పరచడానికి నేను ఎప్పుడూ చిత్తు కాగితాలు కొనే దుకాణం నుంచే పాత కాగితాలు తెచ్చుకుంటాను. అర మీద వేసేదానికి కొత్త షీట్లు కొనడానికి నాకు చేతులు రావు. పోయిన ఏడు బోనాలకు ముందు గోడలకు సున్నం వేయించాలని డబ్బాలన్నీ దించాను. పప్పు డబ్బా కింద నుంచి నా మనవరాలు ఒక బొమ్మల పుస్తకాన్ని లాగింది. మందపాటి మెరుపు కాగితం. అందుకే ఏడాదంతా చీమలకూ చెమ్మకూ ఆగింది. పరిచేటప్పుడు నేను బొమ్మ వంక చూడలేదు, కాగితం మందం చూశాను.

"నానమ్మా, పప్పు డబ్బ కింద ఎవర్ని పెట్టినవో ఎరుకేనా? దేవుణ్ని!"

దేవుణ్ని డబ్బా కింద పెట్టానా అని చెంపలు వేసుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. జుట్టు విరబోసుకున్న తెల్లోడు. దున్నపోతు భుజాలు. వీపుకు ఎర్రటి దుప్పటి, చేతిలో సుత్తి.

"గీడు దేవుడేంది? జుట్టు ముడేసుకోరాదా? గిట్లనే వంటింట్లకొస్తే కూరంతా ఎంటికలే."

"పిడుగుల దేవుడు నానమ్మా. మంచు దేశాల్ల ఒకప్పుడు నిజంగనే మొక్కేటోళ్ళట. తర్వాత వాణ్ని తీసుకొచ్చి బొమ్మల పుస్తకంల పెట్టిండ్రు. ఇప్పుడు దుష్మన్లను కొట్టుడే వాని పని."

"మొక్కుడు బంద్ చేసి బొమ్మలేసుకుంటున్నరా? ఆ దుప్పటి చూడు, మూడు జాకెట్లెల్తయి దాంట్ల. వీపు మీద అంత బట్టెందుకే మనిషికి?"

పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. అది ఇంగ్లీషు బడిలో ఏడో తరగతి. నేను రెండో తరగతి దాకా చదివాను. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషులో నాకు వచ్చింది బస్సు నంబర్లే. అందుకని ఆ పుస్తకాన్ని అదే చదివి నాకు చెప్పడం మొదలుపెట్టింది. బడి నుంచి వచ్చాక నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే నా పక్కన కూర్చుని రోజుకు నాలుగు పేజీలు చెప్పేది. ఆ దేవుడి పేరు నా నోటికి తిరగలేదు. సుత్తి దేవుడు అనుకున్నాం ఇద్దరం.

ఒక రోజు సుత్తి మీద చెక్కిన రాత దగ్గర పిల్ల ఆగిపోయింది. ఒక ఇంగ్లీషు మాటకు తెలుగు తట్టలేదు దానికి.

"మా టీచరైతే అర్హత అంటది. అంటే ఏంది నానమ్మా?"

"నన్నడుగుతవేందే? మీ టీచర్నడుగు."

కాసేపు పైకి చూసి, చిటికె వేసింది. "ఆ, లాయక్! లాయక్ ఉన్నోళ్ళే ఈ సుత్తి లేపుతరు. లేనోళ్ళు ఎంత గుంజినా కదలదు. ఒకపారి ఈ దేవుడే నాలాయక్ అయిండు నానమ్మా. వాని సుత్తి వానికే లేవలే."

చాటలో నా చెయ్యి ఆగింది. పురానాపూల్ పక్కన మా గల్లీలో నాలాయక్ అనే మాట తెలియని ఇల్లు లేదు. తల్లులు పొద్దున లేస్తే పిల్లల్ని తిట్టేది దానితోనే, మధ్యాహ్నానికి తిట్టిందీ మర్చిపోతారు, పడ్డవాళ్ళూ మర్చిపోతారు. మా ఇంట్లో మాత్రం అది ఒక్క మనిషికే అంటుకుపోయింది. ఆ మనిషి నా కొడుకు, ఈ పిల్ల తండ్రి. ఆ రోజు వాడికి సెలవు. అదే గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని నాకు తెలుసు.

మా ఇంటాయన డేగ్‌లు బాగుచేసేవాడు. పెళ్ళిళ్ళలో బిర్యానీ వండే పెద్ద రాగి గిన్నెలు అవి. బండ్ల మీద ఎక్కించీ దించీ సొట్టలు పడితే మా ఇంటి ముందుకు తెచ్చేవాళ్ళు. ఆయన సొట్టలు తీసి, లోపల కళాయి పూసి, అద్దంలా చేసి పంపేవాడు. ఆయన సుత్తి మూరెడు కామతో ఉండేది. సుత్తికుండే కట్టె పిడిని మేం కామ అంటాం. ఆయన పోయేనాటికి కొడుక్కి పంతొమ్మిదేళ్ళు. వాడే సుత్తి పట్టుకున్నాడు.

ఆ మరుసటి ఏడే కామ చివర పగిలింది. మా వెనక గల్లీలోని వడ్రంగి భాయ్ కొత్తది వేస్తానన్నాడు. పగిలింది జానెడే, మిగిలింది గట్టిగానే ఉంది, ఆ ముక్క కోసేసి మిగిలిందాన్నే బిగించమని నేనన్నాను. ఆయన వద్దన్నాడు. నేను వినలేదు. డేగ్ లోపల కొట్టడానికి పొట్టి కామే సుళువని నేనే ఆయనకు పాఠం చెప్పాను. సగం కట్టెతో పని వెళ్ళదీశానని పక్కింటివాళ్ళకు కూడా గొప్పగా చెప్పుకున్నాను.

నెల తిరగకుండానే కొడుకు అడిగాడు. "అమ్మా, దెబ్బ దెబ్బకు చెయ్యి జివ్వుమంటుంది. కొత్త కామ ఏపిస్త."

"మీ నాయిన ముప్పై ఏండ్లు కొట్టిండు ఇదే సుత్తితోని. ఆయనకు జివ్వుమనలే. నీకే వచ్చిందా? నాలాయక్."

వాళ్ళ నాన్న కొట్టింది మూరెడు కామతో అని నాకు గుర్తు రాకకాదు. గుర్తు వచ్చినా నోరు ఆగలేదు. అదే ఆ మాటకు మొదలు. అయిదేళ్ళు అలాగే కొట్టాడు. రెండు చేతులా పని చేసుకుని, సాయంత్రం గుడ్డ తడిపి మణికట్టుకు చుట్టుకునేవాడు. చూస్తే ఒళ్ళు మండేది నాకు. మళ్ళీ అదే మాట అనేదాన్ని.

ఒక రోజు డేగ్‌లు కిరాయికిచ్చే భాయ్ ఒక పెద్ద డేగ్ తెచ్చాడు. ఆ పొద్దే పెళ్ళి, నిలబడి చేయించుకుపోతానన్నాడు. ఆఖరి సొట్ట దగ్గర కొడుకు చేతిలో సుత్తి తిరిగింది. మొన పడి అడుగున చిల్లు పడింది.

"జానే దో అమ్మా, హో జాతా," అన్నాడు భాయ్. "ఇంకో డేగ్ ఉన్నది నా దగ్గర. ఫికర్ చెయ్యకుండ్రి."

డేగ్ గలాయనే వదిలేశాడు. నేను వదల్లేదు. ఇంటి ముందు నిలబడి, పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు ఆగి వినేటట్టు అన్నాను. "కడుపుల గడ్డయినా బాగుండు, నాలాయక్ కొడుకును కన్న."

వాడు సుత్తిని గడప పక్కన పెట్టి, చేతులు కడుక్కుని బయటికి పోయాడు. పద్నాలుగేళ్ళయింది. ఇప్పుడు చాంద్రాయణగుట్ట దగ్గర ఒక బట్టల దుకాణం ముందు కాపలా కాస్తున్నాడు. మణికట్టులో నరం చెడిందని, ముందే రావాల్సిందని దవాఖానలో చెప్పారట. చెప్పారట అంటున్నాను, ఎందుకంటే వాడు నాతో మాట్లాడడు. ఒకే ఇంట్లో రెండు గదుల్లో ఉంటాం. పెళ్ళయ్యాక పెళ్ళాంతో చెప్పించేవాడు, పిల్లకు మాటలొచ్చాక పిల్లతో. "మీ నానమ్మకు చెప్పు, గ్యాస్ అయిపోవచ్చిందని." "మీ నానమ్మకు చెప్పు, నల్లా వచ్చిందని." నేనూ అలాగే తిప్పి పంపుతాను. పిల్లకు అదొక ఆట.

సుత్తి మాత్రం వాడు దించిన చోటే ఉంది. మా తలుపు గాలికి కొట్టుకుంటుంది, దానికి అడ్డం పెట్టాను. ఇనుమును ఊరికే పడేసుకోవడం ఎందుకు? నేను ఎత్తుతాను, కోడలు ఊడ్చేటప్పుడు ఎత్తుతుంది, పిల్ల బెల్లం కొట్టడానికి ఎత్తుతుంది. వాడు ఒక్కడే ముట్టడు. రోజుకు రెండుసార్లు దాటి పోతాడు.

పుస్తకం ఆఖరి పేజీ ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. దుకాణానికి ఆ వారం సెలవేమో, వాడూ అన్నానికి కూర్చున్నాడు. ఎడమ చేత్తో తింటాడు, నేను అటు చూడను. కథ అయిపోయాక వెనక పేజీలో ఆ మంచు దేశపు పాత ముచ్చట ఒకటి ఉందట. పిల్ల చదివి చెప్పింది.

"నానమ్మా, ఈ సుత్తికి కూడ కామ పొట్టిగనే ఉంటదట! దీన్ని చేసేటప్పుడు కమ్మరాయన కన్ను మీద ఈగ కుట్టిందట. ఆయన తుడుసుకునే లోపల పని చెడి కామ పొట్టిగయ్యిందట. అది ఉత్త ఈగ కాదు, దేవుని ఇంట్ల మనిషే ఈగ లెక్క వచ్చిండట. అచ్చం మన సుత్తే! మరి మన సుత్తి కామ ఎట్ల పొట్టిగయ్యింది?"

కొడుకు నములుతున్న ముద్ద ఆగింది. కోడలు కూర గరిటె పట్టుకుని నా వైపు చూసింది. చెప్పడానికి ఎంతసేపు? నేనే కోయించాను, మూడు మాటలు కూడా కాదు.

"మీ తాత జమానా నుంచే గట్ల ఉండె," అన్నాను.

పద్నాలుగేళ్ళ తర్వాత వాడు నా మొహంలోకి చూశాడు. కోపం ఉంటే బాగుండేది. నవ్వాడు.

"ఈగే కుట్టింది బిడ్డా," అన్నాడు కూతురితో. "మస్తు పెద్ద ఈగ."

పిల్ల పడి పడి నవ్వింది. వాడు కంచం ఎత్తుకుని లేచిపోయాడు.

మర్నాడు అందరూ పోయాక సుత్తిని కొంగులో చుట్టుకుని వెనక గల్లీకి పోయాను. వడ్రంగి భాయ్ ముసలివాడయ్యాడు, చూపు తగ్గింది. వేళ్ళతో తడిమి కామను గుర్తుపట్టాడు.

"యాదున్నదా అమ్మా? అప్పుడే చెప్పిన నేను. కట్టె మొహం చూడకు, పోరని చెయ్యి చూడు అన్న."

"ఇప్పుడు ఎయ్యి భాయ్. మూరెడు. మంచి కట్టె."

"ఎవరు కొడుతరు ఇప్పుడు దీంతోని?"

కామ బిగించాక ఆయన అడిగినంత డబ్బు చేతిలో పెట్టాను. నా బతుకులో మొదటిసారి బేరం ఆడకుండా వచ్చాను.

ఇంటికి తెచ్చి తలుపు దగ్గరే పెట్టాను. వేరే ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కామ పొడుగైంది కదా, దారికి అడ్డం వచ్చి తలుపు సగమే తెరుచుకుంది. పొద్దు గూకే వేళ కొడుకు డ్యూటీ నుంచి వచ్చి, సగం తెరిచిన తలుపులో ఆగిపోయాడు. కొత్త కట్టె వాసన ఇంకా పోలేదు.

"కొత్త కామలు దొరుకుతయన్న మాట బజార్ల," అన్నాడు. నాతో కాదు, పిల్లతో కూడా కాదు.

తర్వాత వంగి, ఎడమ చేత్తో సుత్తిని ఎత్తి గోడకు ఆనించి లోపలికి పోయాడు. కుడి చెయ్యి జేబులోనే ఉంది. వాడి వెనకే తలుపు గాలికి ధడేల్మని కొట్టుకుంది. ఆ రోజు నుంచి అడ్డానికి ఇటుక పెట్టాను.

మరుసటి పొద్దున జడ వేయించుకుంటూ పిల్ల అడిగింది. "నానమ్మా, డాడీ సుత్తి లేపిండు గద. మరి లాయక్ అయినట్టేనా?"

"వాడు ఎప్పుడూ లాయకే. కట్టె కోయిపిచ్చింది నేను."

"చెప్పాల్నా డాడీకి?" అంది, ఎప్పటిలాగే, కబురు మోయడానికి లేచి. వాడు అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు.

"వద్దు. నేనే చెప్త," అన్నాను.

మళ్ళీ సున్నం వేయించే రోజులు వచ్చాయి. నిన్న డబ్బాలు దించాను. ఇంకా చెప్పలేదు.