తడి ఇసుకలో నేర్చిన యార్కర్

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. సలోమి అక్క ఇక లేదన్నారు.

నేను నమ్మలేదు. మొన్న సాయంత్రమేగా, సముద్రం ఒడ్డున కుర్చీ వేసుకుని నా కూతుర్ని తిట్టింది!

"కాలు ముందుకెయ్ మే! బౌలింగ్ ఏస్తా ఉండావా, ముగ్గేస్తా ఉండావా?"

అమ్మాయిలకూ ఒక ఇండియా టీమ్ ఉందని చాలామందికి తెలియని రోజుల్లో, బోగోలు దగ్గర మా ఊరి నుంచి వెళ్లి ఆడిన ఫాస్ట్ బౌలర్ మా అక్క. డెబ్బై దాటినా అందరికీ అక్కే. మేడమ్ అంటే మండిపడేది.

చిన్నప్పుడు స్కూల్ గ్రౌండ్‌లోకి మగపిల్లలు రానిచ్చేవాళ్లు కాదు. సరే పొమ్మని, అలల అంచున విరిగిన తెడ్డును వికెట్‌లా పాతి బౌలింగ్ మొదలుపెట్టింది.

తడి ఇసుకలో బంతి ఎగరదు. పడిన చోటే కూర్చుంటుంది. అందుకని గాల్లోనే నేరుగా తెడ్డు మొదట్లోకి వేసేది.

అదే యార్కర్. ఆ పేరు అప్పటికి ఆమెకు తెలియదు.

ఇండియా క్యాంప్‌లో కోచ్‌కి అది నచ్చలేదట. "షార్ట్‌గా వెయ్, బంతిని లేపు. లేదంటే ఇంటికి పంపించేస్తా" అన్నాడు.

అక్క భయపడింది. మొదటి ఇంటర్నేషనల్ మ్యాచ్‌లో ఆయన చెప్పినట్టే వేసింది. ఫోర్ల మీద ఫోర్లు!

చివరి ఓవర్. వాళ్లకు ఆఖరి వికెట్, కొట్టాల్సినవి కొన్ని పరుగులే. వేరే బౌలర్ లేక కెప్టెన్ బంతి అక్కకే ఇచ్చింది.

"ఎట్టాగూ పంపించేస్తారు. మనూరి బంతే ఏసి పోదాం అనుకున్నా మే" అనేది అక్క, కళ్లు మెరుస్తుంటే.

వేసింది. మిడిల్ స్టంప్ గాల్లోకి లేచింది!

మ్యాచ్ మనదే. ఆ తర్వాత ఇంటికి పంపే మాట కోచ్ ఎత్తితే ఒట్టు.

ఆట మానేసి ఊరికి వచ్చాక, ఊళ్లో ఆడపిల్లలం మమ్మల్నందరినీ వెంటేసుకుని అదే స్కూల్ గ్రౌండ్‌లోకి నడిచింది. ఆపే ధైర్యం ఎవడికుంది? కానీ మొదటి పాఠం మాత్రం ఎప్పుడూ ఇసుకలోనే.

ఈరోజు పొద్దున సమాధి దగ్గర అందరూ తలా పిడికెడు మన్ను వేస్తున్నారు. అక్క నేర్పిన అమ్మాయిలు మాత్రం సముద్రం దగ్గరికి పరుగెత్తి, పిడికిళ్లలో తడి ఇసుక తెచ్చారు. పాస్టర్ గారు పక్కకు జరిగి దారి ఇచ్చారు.

నా కూతురు వంతు వచ్చింది. కాలు ముందుకేసి ఇసుక వేసింది.

అక్కా, చూశావా? కాలు సరిగ్గానే పడింది.

ఏడుస్తూనే చప్పట్లు కొట్టి నిన్ను సాగనంపాం. గెలిచి వెళ్తున్నావు. ప్రభువు దగ్గర హాయిగా విశ్రాంతి తీసుకో.