లాంపు గదిలో సొట్ట దీపం

నా చిన్నప్పుడు మా బాపు ముఖాన్ని నేను సరిగ్గా చూసింది తక్కువ. ఆయన బొగ్గుబావిలో పని చేసేవాడు. షిఫ్టు దిగి వచ్చేసరికి ముఖమంతా మసి, కడుక్కున్నాక అలసట. ఆ రెండూ లేని ముఖం రోజుకు ఒక్కసారే కనిపించేది, మధ్యాహ్నం దీపాలిచ్చే లాంపు గది కిటికీ ముందు వరుసలో నిలబడ్డప్పుడు. అప్పుడైనా నేను చూసింది ముఖం కాదు, ఆయన చేతికి దీపం ఎప్పుడు వస్తుందా అనే. ముఖాలు చూసే మనిషి వేరే ఒకాయన ఉండేవాడు. ఆయన గురించే ఇది.

మంచిర్యాల దాటినాక ఉండే బావుల్లో ఒకదాని పక్కన, పెంకుల క్వార్టర్ల వరుసలో మేముండేవాళ్లం. నిజాం నాటి హాలీ సిక్కాలు పోయి నయా పైసలు వచ్చిన కొత్తలు. మా వరుసకు నల్లా నీళ్లు బాగా పొద్దెక్కితే గానీ వచ్చేవి కావు కాబట్టి మేము అవ్వ అని పిలిచే మా అమ్మ వంట ఎప్పుడూ ఆలస్యమే. బాపుకు రెండో షిఫ్టు పడిన వారాల్లో ఆయన అన్నం కోసం ఆగకుండా ముందు పోయేవాడు. తొందరగా పోతే లోపల కాస్త గాలాడే చోట పని దొరుకుతుందని ఆయన ఆశ. ఎన్నడైనా దొరికిందో లేదో నాకు తెలియదు. పొద్దటి బడి అయిపోయి వచ్చిన నేను సద్ది గిన్నె పట్టుకుని ఆయన వెనకాల పోయేదాన్ని.

లాంపు గది అంటే పెద్ద గది ఏమీ కాదు. ఇనుప చువ్వల కిటికీ, లోపల చెక్క అరలు, అరల నిండా దీపాలు. నడుముకు కట్టుకునే బ్యాటరీ, టోపీకి తగిలించుకునే బల్బు, రెంటి మధ్యన నల్లటి వైరు. ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఒకటి. లోపలికి దిగేటప్పుడు బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవాలి, బయటికి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. గోడ మీద మేకుకు బిళ్ల వేలాడుతుందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపల ఉన్నట్టు. మా బాపుది నూట నలభై రెండు. మా అవ్వ దేవుడి పటాన్ని చూసినంత భక్తిగా నేను ఆ మేకును చూసేదాన్ని.

దీపాలిచ్చే ఆయనను అందరూ చాచా అనేవాళ్లు. జగిత్యాల వైపు మనిషి. వయసులో ఉన్నప్పుడు ఆయనా లోపల పని చేసినవాడే. ఎడమచేతి వేళ్లు రెండు పోయాక పైన ఈ పని ఇచ్చారు. చాచాకు ఒక అలవాటు ఉండేది. బిళ్ల తీసుకుని వెంటనే దీపం ఇచ్చేవాడు కాదు, ముందు మనిషి ముఖం చూసేవాడు. చూపు ఆనక నంబరు పోల్చుకుంటున్నాడేమో అనుకునేదాన్ని నేను.

కొన్ని రోజుల తర్వాత నేనొక సంగతి కనిపెట్టాను. కింది అరలో, మూలన, బ్యాటరీ పక్కన సొట్ట పడిన దీపం ఒకటి ఉండేది. రోజూ ఎవరో ఒకరికి చాచా వాళ్ల సొంత దీపం కాకుండా దాన్ని ఇచ్చేవాడు. అది వెలిగినట్టే వెలిగి, ఆ మనిషి నాలుగడుగులు వేసేలోపల ఆరిపోయేది. అతను వెనక్కి వస్తే చార్జింగ్ ఎక్కలేదనీ, జర కూచుంటే చూస్తాననీ చాచా అనేవాడు. కిటికీ పక్కన దుంగతో చేసిన బెంచి ఉండేది. ఆ మనిషి దాని మీద కూర్చునేవాడు. చాచా తన కెటిల్‌లోంచి ఇంత చాయ పోసి ఇచ్చి, దీపాన్ని విప్పి ఊరికే గెలికేవాడు. మాటలు ఉంటే ఉండేవి, లేకుంటే లేవు. కాసేపటికి ఆ మనిషి సొంత దీపం అరలోంచి బయటికి వచ్చేది. ఎప్పుడైనా ఒకసారి మాత్రం ఈ పూటకు ఇది బాగయ్యేటట్టు లేదు, ఇంటికి పొమ్మని బిళ్ల తిరిగి ఇచ్చేసేవాడు.

భార్య చనిపోయి పదిరోజులైన మనిషికి ఆ దీపం వచ్చింది. అన్నతో కొట్లాడి కళ్లెర్ర చేసుకుని వచ్చిన పిల్లగానికి వచ్చింది. మా పక్క వరుసలో అప్పుడే పనిలో చేరిన, ఆదిలాబాదు వైపు నుంచి వచ్చిన ఒక యువకుడికి వారంలో రెండుసార్లు వచ్చింది. అతనికి ఇంటి మీద బెంగ. ఇదంతా కనిపెట్టింది ఈ లోకంలో నేనొక్కదాన్నే అనుకుని లోలోపల పొంగిపోయాను. తొమ్మిదేళ్ల తెలివి ఎవరికైనా చూపించుకోకపోతే నిద్ర పట్టదు.

ఆ ఎండాకాలం బావికి ఒక కొత్త ఆఫీసరు దొర వచ్చాడు. బొగ్గు తగ్గుతోందంటే పనివాళ్లు కావాలని జాగు చేస్తున్నారని ఆయన నమ్మకం. చేతి గడియారం చూసుకుంటూ లాంపు గది దగ్గరే నిలబడేవాడు. ఒకరోజు బెంచి మీద ఆదిలాబాదు యువకుడు కూర్చుని ఉన్నాడు. రోజూ ఇక్కడ ఎవరో ఒకరు ఎందుకు కూర్చుంటున్నారని దొర అడిగాడు. దీపం చార్జింగ్ ఎక్కలేదని చాచా చెప్పాడు. రోజూ ఒకే దీపానికి ఎక్కదా అని దొర వరుసలో ఉన్నవాళ్లను అడిగాడు. అందరూ కాళ్ల కింది బొగ్గు పొడిని చూస్తున్నారు. జవాబు తెలిసిన పిల్ల బడిలో చెయ్యెత్తినట్టు నేను ముందుకు వచ్చాను.

"అది ఖరాబ్ దీపమే సార్. చాచా కావాల్ననే ఇస్తడు. మనసు మంచిగ లేనోళ్లకు ఇస్తడు."

మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు నా వైపు కాదు, బెంచి వైపు. మనసు బాగోలేని మగవాళ్లు చీర కట్టుకుని ఇంట్లో కూర్చోవాలన్నాడు. మా వరుసలో చీర కట్టుకుని ఇంట్లో కూర్చున్న ఆడమనిషిని నేనెన్నడూ చూడలేదు, కానీ ఆ సంగతి ఆయనకెవరు చెప్పాలి? యువకుడు లేచి, తన దీపం తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా దిగిపోయాడు. సాయంత్రానికల్లా బెంచి తీసేశారు. సొట్ట దీపాన్ని పాత సామాన్ల గదికి పంపారు. బిళ్ల పడిన వెంటనే దీపం ఇవ్వాలని చాచాకు కాగితం మీద రాసి ఇచ్చారు.

బాపు నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మరునాడు పొద్దున గుమ్మం దగ్గర కూర్చుని కాళ్లకు నూనె రాసుకుంటూ నన్ను పిలిచాడు. ఆ దీపం సంగతి అందరికీ ఎరుకే బిడ్డా అన్నాడు. అందరికీ తెలిసిందాన్ని ఎవరూ ఎందుకు చెప్పలేదో అర్థం కాక అదే అడిగాను. ఆయన నూనె సీసాకు మూత పెట్టాడు.

"చెప్పుకునేటిదే అయితే దీపమెందుకు బిడ్డా?" అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన మార్పు గురించి పెద్దవాళ్లెవరూ మాట్లాడుకోలేదు, కానీ నాకు కనిపించింది. వరుసలోని మనుషులు చాచాకు ముఖం చూపించడం మానేశారు. బిళ్ల ఇచ్చేటప్పుడు తల పక్కకు తిప్పుకునేవాళ్లు, లేకపోతే టోపీని కళ్ల మీదికి లాక్కునేవాళ్లు. అంతకుముందు ఆయన చూస్తే దాపు దొరికినట్టు ఉండేదేమో, ఇప్పుడు ఆయన చూస్తే దొర కూడా చూస్తాడు. ఒకరి ముందు ఒకరు గట్టిగా ఉండాలి. దిగకముందే చిన్నచిన్న వాటికే కాలర్లు పట్టుకునేవాళ్లు. ఒకరి వేలు నలిగిందని, ఇంకొకరి కాలి మీద బొగ్గు మోసే టబ్బు ఎక్కిందని వారానికొక కబురు వచ్చేది. అవి అంతకుముందు లేవని కాదు. అదంతా నా మాట వల్లనే అని ఎవరూ అనలేదు, ఇప్పటికీ నేను తేల్చుకోలేదు. తేల్చుకోలేకపోవడమే బరువు.

చాచాకు కనిపించకుండా సద్ది గిన్నె దూరంగా పెట్టి పారిపోయి వచ్చేదాన్ని. ఒకరోజు ఆయనే కేక వేసి పిలిచాడు. తిడతాడనుకుంటే, నువ్వు అబద్ధం చెప్పలే బేటీ, ఫికర్ చెయ్యకు అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ముఖం కూడా అప్పటికి వరుసలోని ముఖాల్లాగే అయిపోయింది, ఏమీ తెలియనివ్వని ముఖం.

వానాకాలంలో మా తమ్ముడికి జ్వరం పట్టుకుంది. ఏడాది కూడా నిండని పిల్లవాడు. ఐదోరోజు పొద్దున బావి డాక్టరు పెదవి విరిచి మంచిర్యాల పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. అవ్వ, మా చిన్నమ్మ వాణ్ని గొంగడిలో చుట్టుకుని బస్సెక్కారు. అప్పటికే రెండు రోజులు పనికి పోని బాపు ఆ రోజు తప్పక పోవాలన్నాడు. ఆ పూట సద్ది నేనే వండాను. అన్నం పలుకు పలుకుగానే ఉండిపోయింది. దాన్ని పట్టుకుని వానలో లాంపు గదికి పోయాను.

బాపు వరుసలో ఉన్నాడు. ఆ రోజు మొదటిసారి నేను దీపాన్ని కాదు, ఆయన ముఖాన్ని చూశాను. అందరిలాగే గట్టిగా పెట్టుకున్నాడు. కానీ నడుము బెల్టును రెండుసార్లు తప్పు కట్టుకున్నాడు. ముందున్న మనిషి జరిగినా తను జరగలేదు, వెనకవాళ్లు నెడితే జరిగాడు. ఈ మనిషి ఇలాగే లోపలికి దిగితే పైకప్పు చప్పుడు వినడు, టబ్బు చప్పుడు వినడు అని నాకు తెలిసిపోయింది. ఆపే దీపం ఇప్పుడు లేదు. లేకుండా చేసింది నేను. అరవాలనిపించింది, కానీ నా నోరు చేసిన పని గుర్తొచ్చి గిన్నెను గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. దొర గడియారం చూసుకుంటూ అక్కడే ఉన్నాడు.

నూట నలభై రెండు కిటికీలో పడింది. చాచా దీపం తీశాడు, బాపు ముఖం చూశాడు. దీపం మీద ఆయన చెయ్యి ఆగింది. ఆగినా ఇవ్వక తప్పదు కదా, ఇచ్చాడు. బాపు దాన్ని అందుకుని వెలిగించాడు. మంచిగానే వెలిగింది. వెలుగుతున్న దీపాన్ని అలాగే చూసి, మళ్లీ కిటికీ గట్టు మీద పెట్టేశాడు.

"చాచా, ఇయ్యాల నా మనసు మంచిగ లేదు. నేను దిగ."

వరుస చివరి మనిషికి కూడా వినిపించేట్టు అన్నాడు. దొర మళ్లీ ఆ చీర మాటే ఎత్తుకున్నాడు. ఈసారి ఒక్కరూ తల దించుకోలేదు. దొర బాపు నంబరు రాసుకుని వెళ్లిపోయాడు. చాచా మేకు మీది బిళ్ల తీసి, బాపుకు కాకుండా నా చేతికి ఇచ్చాడు. అది తడిగా, వెచ్చగా ఉంది. బాపు బెంచి తీసేసిన చోట నేల మీద కూలబడ్డాడు. పక్కన నేనూ కూర్చున్నాను. కాసేపటికి చువ్వల్లోంచి చాయ గ్లాసు బయటికి వచ్చింది. తర్వాత ఇద్దరం బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాం.

ఆ రోజు లోపల ఏమీ జరగలేదు. కప్పు కూలలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. జరిగి ఉంటే వినేవాళ్లకు మా బాపు గొప్ప ఇంకా బాగా తెలిసేదేమో, కానీ జరగలేదు. తమ్ముడు బతికాడు. ఇప్పుడు వాడికి మోకాళ్ల నొప్పులు, రోజూ ఫోన్లో సణుగుతాడు. బాపుకు మాత్రం ఆ తర్వాత చాలాకాలం మోకాలిలోతు నీళ్లున్న చోటే పని వేశారు. దసరాకు ముందే చాచాను వేరే బావికి మార్చారు. కిటికీ దగ్గర బాపు అన్న మాట ఆ తర్వాత ఇద్దరో ముగ్గురో అన్నారని విన్నాను. అంతకంటే ఎక్కువ కాదు.

పెద్దయ్యాక నేను సర్కారు దవాఖానలో నర్సునయ్యాను, చివరి పదిహేనేళ్లు వార్డుకు పెద్ద సిస్టర్‌ను. డ్యూటీ ఇచ్చేముందు నర్సు పిల్లల ముఖాలు చూసేదాన్ని. నా బీరువాలో చెడిపోయిన బీపీ మిషన్ ఒకటి ఉండేది. కళ్లుబ్బి వచ్చిన పిల్లకు దాన్నిచ్చి, ఇది పని చేస్తుందో లేదో ఆ మూల కూర్చుని జర చూడమనేదాన్ని. వాళ్లకూ తెలిసే ఉంటుంది. ఎవరూ ఎన్నడూ పైకి అనలేదు. అన్నేళ్లలో నా చేతికి మాత్రం అలాంటి మిషన్ ఎవరూ ఇవ్వలేదు. తప్పు వాళ్లది కాదు. టోపీ కళ్ల మీదికి లాక్కున్న మనుషుల్లాగే నేనూ వార్డులోకి నడిచేదాన్ని. ఎవరడిగినా మంచిగనే ఉన్న అనేదాన్ని. బాపు మాట నాకు కంఠతా వచ్చు గానీ నోటికి రాలేదు.

మొన్న నా బిడ్డ బ్యాంకులోంచి ఫోన్ చేసింది. పని మధ్యలో చేస్తుంది, ఎట్లున్నవే అవ్వా అంటుంది, జవాబు వినకముందే పెట్టేసే తొందరలో ఉంటుంది. ఆ రోజూ అలాగే అడిగింది. అలవాటు మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆగి, ఇయ్యాల నా మనసు మంచిగ లేదు బిడ్డా అన్నాను. అటువైపు తను కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.