అద్దంలో అత్తగారు

కోవిడ్ ఉధృతి తగ్గిన మరుసటి చలికాలం. నేపర్‌విల్‌లో ఒక సూపర్‌మార్కెట్ లోపలి ఫార్మసీకి నేను మేనేజర్‌ని. టెక్నీషియన్లు మాత్రలు లెక్కపెట్టి సీసాల్లో పోస్తారు. సరిచూసి, వాడే విధానం చెప్పవలసింది ఫార్మసిస్టు, అంటే నేను. నేను చెప్పేవాటిలో సగం కోసేసి వినమని మా ఆవిడ కొత్తవాళ్ళను ముందే హెచ్చరిస్తుంది. ఈ సంగతి దగ్గర మాత్రం ఆమె కూడా ఊరుకుంటుంది.

రాజ్యలక్ష్మిగారు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవారు. నన్ను తమ్ముడనేవారు, నేను అక్కా అనేవాణ్ణి. రెండు మందులకు లొంగని బీపీకి డాక్టరు మూడోదిగా మినాక్సిడిల్ మాత్రలు రాశారు. రక్తనాళాలను వెడల్పు చేసే మందది, మిగతావి సరిపోనప్పుడే ఇస్తారు. నాళాలు వదులవగానే గుండె కంగారుపడి వేగం పెంచుతుంది. ఒంట్లో ఉప్పూ నీరూ నిలబడతాయి. అందుకే గుండె వేగాన్ని తగ్గించే మాత్ర, నీరు తీసే మాత్ర దానికి తోడుండాలి. ఆమె పాత మందులు ఆ రెండే. రోజూ బరువు, నాడి చూసుకోమనీ, తేడా వస్తే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయమనీ చెప్పాను. తలూపారు.

రెండు నెలల తర్వాత, మంచు పడుతున్న ఒక మధ్యాహ్నం, ఆమె కూతురు అనన్య కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"అంకుల్, అమ్మ ఇంట్లో మిర్రర్స్ అన్నీ కవర్ చేసేసింది. చీరలు వేసి."

వెనకే కళ్ళదాకా స్కార్ఫ్ చుట్టుకుని అక్క. పక్కగదిలో కూర్చోబెట్టాను. స్కార్ఫ్ తీశారు. నుదుటి మీంచి చెంపల దాకా సన్నని నల్లటి నూగు. ఆ ముఖంలో అక్క ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

"చూశావా? అద్దంలో మా అత్తగారు," అన్నారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. "ముందు నుదుటి మీదకొచ్చింది. ఇప్పుడు కాళ్ళు కూడా ఆవిడవే. పడుకుంటే ఛాతీ మీద కూర్చుంటుంది తమ్ముడూ. దిండులో డప్పు మోగుతుంది."

"బాత్‌మ్యాట్ మీద అమ్మ ఫుట్‌ప్రింట్స్ పెద్దవి అవుతున్నాయి, అంకుల్. నేను చూశాను."

ఇలాంటివి అల్లి నలుగురినీ భయపెట్టడం నా అలవాటు. ఆవేళ భయపడ్డది నేను. నాడి పట్టుకుంటే పరుగు. బూట్లు విప్పిస్తే, మెట్టెలు వాచిన వేళ్ళలోకి దిగిపోయి ఉన్నాయి. మోకాలి కింద ముందెముక మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. ఆ నూగు మందు వల్ల వచ్చేదే, ప్రమాదం లేదు. వాపు, ఆయాసం అలాంటివి కావు. కంప్యూటర్‌లో చూస్తే మూడు మందులూ వేళకే వెళ్ళాయి.

"అక్కా, పాత మాత్రలు రెండూ వేసుకుంటున్నారా?"

"పెద్ద మందు వచ్చాక ఆ చిన్నవెందుకు? ఆటో రీఫిల్ అని నువ్వు పంపిస్తూనే ఉన్నావు, నేను అల్మారాలో పెడుతూనే ఉన్నాను."

"అయితే మీ అత్తగారిని సాగనంపడం నావల్ల కాదు. ఎమర్జెన్సీకి వెళ్ళాలి."

"ఇప్పుడు కూడా... వెటకారమేనా!" అన్నారు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందక.

అంబులెన్స్‌ను పిలిచి, డాక్టరుకు ఫోన్ చేశాను. స్కాన్‌లో గుండె చుట్టూ నీరు చేరినట్టు తేలింది. సూదితో తీశారు. ఆలస్యమైతే గుండె కొట్టుకోవడానికి చోటుండేది కాదన్నారు. డాక్టర్లు మందు మార్చారు. కొన్ని నెలలకు నూగు రాలిపోయింది.

కోలుకున్నాక అక్క ఒకటే అడిగారు: "గుండె చుట్టూ నీరు, సరే. పడుకున్నప్పుడు నన్ను పేరుపెట్టి పిలిచిందెవరు?"

నేను నేర్చుకున్నది అంతకంటే చిన్న విషయం. సీసా కౌంటర్ దాటిందని మాత్రమే కంప్యూటర్‌కు తెలుస్తుంది. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, బీపీ మందులు వేసుకుంటున్నారా అని ఎవరినీ అడగలేదు. ఏది మానేశారని అడిగాను.