గాలి తగలని కొట్టు

మా ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఆడవాళ్ళకి నడివేసవిలో కూడా ఫ్యాను యోగం లేదు. పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ వేడికుండ మీద లాగగానే వచ్చే రేకు, కాస్త గాలి తగిలితే ముక్కలవుతుంది. అందుకే ఎవరింట్లో వాళ్ళం తలుపులు మూసుకుని పొగలో కూర్చునేవాళ్ళం. మా అత్తగారు పోయాక నాకు రోజంతా ఆ కుండే తోడు. పిచ్చెక్కేలా ఉండేది.

నాలుగిళ్ళ కుండలూ ఒక్కచోట పెడదామని పోరు పెట్టింది నేనే. పక్కింటి పెద్దావిడ తమ ఖాళీ ధాన్యం కొట్టు ఇచ్చారు. సున్నం కొట్టించి, పొగ పోవడానికి పైన కంత పెట్టించి నలుగురం చేరాం. కబుర్లు, పోట్లాటలు, ఒకరి కూరకి ఒకరు వంక పెట్టడాలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

చిక్కల్లా ఆ తలుపుతోనే. ఎవరు తీసినా నలుగురం ఒక్కసారే "తలుపు! తలుపు!" అని అరిచేవాళ్ళం. పాలావిడ గుమ్మం బయటే చెంబు పెట్టి వెళ్ళిపోవడం మొదలెట్టింది.

ఎదురింటి అమ్మాయికి భర్త పోయి ఏడాది కాలేదు. ఇల్లు కదలదు, ఎవరితోనూ మాట్లాడదు. ఈ కొట్టు అనుకున్నప్పుడు నా మనసులో ఆమె కూడా ఉంది. వెళ్ళి పిలిస్తే తలూపింది, రాలేదు. ఒక పొద్దున తలుపు కింది సందులోంచి ఆమె పాదాలు కనిపించాయి. కాసేపు నిలబడి వెళ్ళిపోయాయి. మర్నాడూ అంతే. నాకు చేతులు పని మీద నిలవలేదు.

"ఏంటమ్మా, కుండ మీద కళ్ళే లేవు?" అని పెద్దావిడ మందలించారు.

ఆ పిల్లకి మేం మరో మూసిన తలుపు కట్టిపెట్టామా అని మా అందరి మీదా ఒళ్ళు మండింది. మళ్ళీ ఆ పాదాలు వెనుదిరుగుతుంటే ఆగలేక లేచి తలుపు బార్లా తీశాను. గాలి విసురుగా వచ్చి, పేర్చిన రేకులన్నీ చెదిరిపోయాయి.

"అయ్యో, పాడైపోయాయండి," అంటూ ఆ అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పాడైతే తింటాం. ముందు లోపలికి రా," అన్నారు పెద్దావిడ. ముక్కలు పోగుచేసి, బెల్లం పొడి చల్లి ఆమె చేతిలో పెట్టారు. ఆమె నిలబడే తింది, ఏడుస్తూ తింది.

మర్నాడు తలుపు కిర్రుమంది. ఎవరూ అరవలేదు. పని ఆపి, పేర్చిన రేకుల మీద రెండు చేతులూ కప్పి, ఆమె లోపలికొచ్చి తలుపు వేసేదాకా నలుగురం అలాగే ఉండిపోయాం.