రోజీకి మా మామ్మ పెట్టిన పథ్యం

మొన్న ద్వారకా నగర్‌లో ఒక షాపుకి వెళ్తే, పిల్లల్ని పెట్టిన కుక్కలకని విడిగా ఓ తిండి ప్యాకెట్టు కనిపించింది. పక్కనే ఎప్పుడూ నీళ్ళుంచమని దాని మీద రాసుంది. అది చదివి నాకు నవ్వాగలేదు. షాపులో అమ్మాయి నన్నో రకంగా చూసింది. ఆ ఒక్క ముక్క నేర్చుకోడానికి మా ఇంట్లో ఎంత రభసయిందో ఆ పిల్లకేం తెలుసు!

డెబ్బయ్యో దశకం చివరి మాట. నాన్నకి పోర్టులో ఉద్యోగం, క్వార్టర్సులో కాపురం. తొలి కాన్పుకి పుట్టింటికొచ్చిన నేను పాపతో ఆస్పత్రి నుంచి ఇల్లు చేరిన వారానికే, మా కుక్క రోజీ మెట్ల కింద గోనెపట్టా మీద ఐదు పిల్లల్ని పెట్టింది. ఇంట్లో ఇద్దరు బాలింతలు! నాన్నని కన్న మా మామ్మ సంబరం ఇంతా అంతా కాదు. మా చర్చిలో పాస్టరుగారి మాటకైనా ఎదురుండేదేమోగానీ, బాలింతల విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు. పాతబియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, చెవుల్లో దూది, తలకి గుడ్డ. నీళ్ళు మాత్రం కాచి చల్లార్చి రోజుకి రెండే గ్లాసులు, ఎక్కువైతే ఒళ్ళు నీరుపడుతుందట. ఆ ఏప్రిల్ ఉక్కలో నా నాలుక అంగిలికి అంటుకుపోయేది. అయినా అడిగితే ఒట్టు, అంత భయం నాకు.

రోజీకీ అదే పథ్యం. తలకి కట్టిన గుడ్డని అది చిటికెలో పీకి పిల్లల కింద పరుచుకుంది. కారం అన్నం వాసన చూసి మొహం తిప్పేసుకుంది. "బాలింత నోరు అలాగే ఉంటుంది, ఆకలేస్తే అదే తింటుంది," అంది మామ్మ. నీళ్ళు పొద్దున కాసిని, సాయంత్రం కాసిని. నాలుగో రోజుకి దాని ముక్కు ఎండిపోయింది, కళ్ళు లోపలికి పోయాయి. పాలు పడక పిల్లలు ఒకటే కుయ్యోమనడం. ఐదో రోజు పొద్దున వాటిలో బక్కది చచ్చిపోయింది. నాకు ఏడుపాగలేదు. నా ఒళ్ళో పాప కూడా పాలు చాలక ఏడుస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడే యారాడ నుంచి చేపలు తెచ్చే ఆవిడ గంప దించింది. మెట్ల కిందకి తొంగిచూసి గుండెలు బాదుకుంది. "ఏటి మామ్మగోరూ, కుక్కకి పత్తెమేటి? నీలు లేకపోతే పాలెక్కణ్ణుంచొత్తాయి, మీరు పోత్తారా?" అంది. వీధిలో అంతవరకు మామ్మని అంత మాటన్న మనిషి లేదు. అని ఊరుకోలేదు, బేసిన్‌తో నీళ్ళు తెచ్చి పెట్టింది. రోజీ తల ఎత్తకుండా మొత్తం తాగేసింది. ఆ చేపలావిడ గంపలోంచి పాలసొర తీసింది. పాలు పడతాయని మావైపు బాలింతలకి పెట్టే చేప అది. ఉప్పూ కారం వెల్లుల్లీ ఏమీ లేకుండా ఉడకబెట్టి, ముళ్ళేరి, గంజన్నంలో కలిపి కొంచెమే పెట్టింది. "ఒక్కసారే కుక్కీకండి, రోజుకి నాలుగైదుసార్లు పెట్టండి. నాలుగు నోళ్ళకి పాలివ్వాల," అని గంపెత్తుకుంది. ఎంత మనిషండీ! డాక్టర్లు కూడా ఆవిడ తర్వాతే.

మామ్మ ఆవిడ చెప్పినట్టే తన చేత్తో వండి పెట్టింది. మూడో రోజుకి రోజీకి పాలు పడ్డాయి, నాలుగు పిల్లలూ పొట్టలు ఉబ్బి నిద్రపోయాయి. ఆ సాయంత్రం మామ్మ చెంబు నిండా నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది. "తాగవే తల్లీ. ఇన్నేళ్ళూ ఎందరి నోళ్ళు ఎండగట్టానో!" అంది. నేను గటగటా తాగుతుంటే కళ్ళొత్తుకుంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, చెప్పులైనా వేసుకోకుండా, తాను పథ్యం చెప్పిన రెండిళ్ళకి వెళ్ళి, "నేను తప్పు చెప్పాను, బాలింతకి నీళ్ళియ్యండి," అని చెప్పొచ్చింది. ఇప్పుడు నాకు ఆవిడ వయసొచ్చింది గానీ, ఆ ధైర్యం ఇంకా రాలేదు.